ముందు తడబడేది మాట

నౌపడ జంక్షన్‌లో గుణుపురం లైను విడిపోయే చోటికి కూతవేటు దూరంలో ఆ ఇల్లు. ఇంటాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. వయసులో ఉండగా సైన్యంలో చేరి, అక్కడ కొన్నాళ్ళు బాక్సింగ్ ఆడారు. ఆయన మేనకోడలు మైసూరులో చదువుకుని విశాఖలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తోంది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకీ, పార్కిన్సన్స్‌తో గొంతు సన్నగిల్లినవాళ్ళకీ మళ్ళీ నాలుగు మాటలు పలికించడం ఆమె పని.

ఊళ్ళో ఉప్పుమడుల్లో పనిచేసే ఒకావిడకి 13 ఏళ్ళ కొడుకున్నాడు. వాడి చేతివేగం చూసి మాస్టారు ముచ్చటపడ్డారు. విశాఖలో బాక్సింగ్ శిక్షణలో చేర్పిస్తానన్నారు. తల్లి మాత్రం, సెలవుకి ఊరొచ్చిన మేనకోడల్ని పట్టుకుని, పంపమంటావా అని అడిగింది. దానిమీద మేనమామకీ మేనకోడలికీ నడిచిన వాదమిది. మధ్యలో నేను ఆగలేక అన్నవి కుండలీకరణాల్లో ఉన్నాయి.

మాస్టారు: ఏటమ్మలూ, ఆ గుంటడి తల్లికి వద్దని చెప్పేసేవట?

మేనకోడలు: వద్దనలేదు మావయ్యా. సంతకం పెట్టే ముందు కొన్ని సంగతులు తెలుసుకోమన్నాను.

మాస్టారు: నువ్వు తెలుసుకోమంటే ఆవిడకి వద్దన్నట్టే వినిపిస్తాది. తెల్లారకుండా మడిలోకి దిగే మనిషి. ఉప్పునీళ్ళకి కాళ్ళు పగిలిపోయి ఉంటాయి. ఆ ఇంట్లో పుట్టినోడికి దారేటుంది చెప్పు? మూలపేట పోర్టు వస్తాది, గేటుకాడ కాపలా పని దొరుకుతాదని చూస్తన్నారు. అదే వాడు రాష్ట్రానికి ఆడి పతకం తెచ్చుకున్నాడనుకో, రైల్వే ఉంది, నేవీ ఉంది, ఆర్మీ ఉంది. స్పోర్ట్స్ కోటా అంటే ఇలాంటోడికి అదొక్కటే నిచ్చెన. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వెళ్ళలేదేటి? 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ పతకం తేలేదేటి?

మేనకోడలు: తెచ్చింది. కానీ ఆమె ఎత్తింది బరువు. బరువు నడుం పట్టేస్తుంది, మోకాళ్ళు అరగదీస్తుంది. తలమీద కొట్టదు. మన వైపు పిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ కొత్తేమీ కాదు, కొండవెలగాడ వెళ్తే ఊరంతా లిఫ్టర్లే. వీణ్ణి అటు పంపొచ్చుగా?

మాస్టారు: వాడి ఒళ్ళు చూసేవా? సన్నగా వెదురుగెడలా ఉంటాడు. బరువు ఎత్తే ఒడ్డూపొడుగూ కాదది. వాడికున్నది చెయ్యి, కన్ను. అయినా విశాఖ అంటే ఏటనుకున్నావు? ద్రోణాచార్య అందుకున్న ఐ. వెంకటేశ్వరరావుగారు పనిచేసిన ఊరు. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2009లో వచ్చి చేరింది ఆయన దగ్గరే. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. విశాఖ పిల్ల నగిశెట్టి ఉష ప్రపంచ పోటీల్లో వెండి తెచ్చింది, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుంది. వీళ్ళెవరికైనా మాట తడబడతాందా?

మేనకోడలు: వాళ్ళ ఊసు నేనెత్తను. చక్కగా ఉన్నారు, ఉండాలి. కానీ ఈవేళ మాట బాగుంది కాబట్టి దెబ్బ తగల్లేదని లెక్క తేల్చడానికి లేదు మావయ్యా. ఈ మెదడు జబ్బు రింగులో పడిపోయినప్పుడు కనిపించేది కాదు. చాలామందిలో ఆట మానేసిన పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో బయటపడుతుంది. 1928లో అమెరికాలో మార్ట్‌లాండ్ అనే పాథాలజిస్టు మొదటిసారి దీన్ని వైద్యపత్రికకి ఎక్కించాడు. ఒక పోటీల నిర్వాహకుడు ఆయనకి 23 మంది పేర్లు రాసిచ్చాడు, వీళ్ళంతా చెడిపోయారని. అంటే డాక్టర్లకంటే ముందు ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళకే తెలుసు. తాగకపోయినా కాలు ఈడుస్తూ, మాట ముద్దగా వస్తూ తిరిగే పాత బాక్సర్లని గేలరీలో జనం వెక్కిరించేవారు కూడా.

మాస్టారు: 1928 సంగతి ఇప్పుడెందుకు? అప్పట్లో పొట్టకూటికి వారం వారం తన్నుకునేవోళ్ళు. డాక్టరూ లేడు, లెక్కా లేదు.

మేనకోడలు: సరే, 1969కి రా. ఇంగ్లండులో రాబర్ట్స్ అనే డాక్టరు పేరు నమోదైన పాత ప్రొఫెషనల్ బాక్సర్లలోంచి చీటీ తీసినట్టు కొందరిని ఎంచి, 224 మందిని కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. నూటికి 17 మందిలో మెదడు దెబ్బతిన్న ఆనవాళ్ళు కనిపించాయి. ఎక్కువ పోటీలు, ఎక్కువ ఏళ్ళు ఆడినవాళ్ళలో ఇంకా ఎక్కువ.

మాస్టారు: అంటే 83 మంది శుభ్రంగా ఉన్నారన్నమాట! నువ్వే చెప్పేవు. నన్ను చూడు. నాను ఆడలేదేటి? నా మాట ఎక్కడైనా తడబడతాందా?

మేనకోడలు: నువ్వు మాట్లాడితే ఎదుటివాళ్ళు తడబడతారు మావయ్యా, అది వేరే. ఆ 17లో ఎవరు పడతారో ముందే చెప్పగలిగితే నాకూ అభ్యంతరం లేదు. కొందరికి జన్యువుల్లోనే అపాయం ఎక్కువ. ఎపిఒఇ-4 అనే జన్యువు ఉండి ఎక్కువ పోటీలు ఆడినవాళ్ళలో మెదడు ఎక్కువ చెడిందని 1997లో 30 మంది బాక్సర్లని చూసి రాశారు. మన గుంటడికి అది ఉందో లేదో ఎవరు చూస్తారు? ఆ మాటకొస్తే, చూసి వాళ్ళమ్మకి ఏం చెప్తారు?

(జన్యుపరీక్ష చేసి ఉప్పుమడి కూలీ కొడుకుని ఆటలోంచి తీసెయ్యడం ఇంకో అన్యాయం. ఆమె ఆ మాటని అక్కడే వదిలేసింది, మంచిపని చేసింది.)

మాస్టారు: నువ్వు చెప్తన్నవన్నీ డబ్బులకి ఆడినోళ్ళ కథలు. పది రౌండ్లు, పన్నెండు రౌండ్లు. మన పిల్లలాడేది అమెచ్యూరు. పెద్దోళ్ళకే మూడు రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు. చిన్నోళ్ళకి ఇంకా తక్కువ. తలకి గట్టిగా తగిలితే రిఫరీ అంకెలు లెక్కపెడతాడు, ఆపేస్తాడు. దెబ్బకి పోటీ ఆగిందంటే కనీసం 30 రోజులు రింగెక్కనివ్వరు. అమెచ్యూర్లలో శాశ్వతంగా మెదడు చెడుతుందనడానికి గట్టి రుజువు లేదని 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లోనే రాసేరు. నాకూ నలుగురు డాక్టర్లు తెలుసమ్మా.

మేనకోడలు: రాశారు, నేనూ చదివాను. గట్టి రుజువు లేదన్నారు, గట్టి అధ్యయనాలే తక్కువగా ఉన్నాయని కూడా అన్నారు. దానికి ముందు ఏడాది స్వీడన్‌లో 14 మంది అమెచ్యూర్ బాక్సర్లకి పోటీ అయిన కొద్దిరోజులకి వెన్నులోంచి నీరు తీసి చూశారు. నరాల పోగులు చిట్లితే బయటికొచ్చే ఒక ప్రొటీను ఆ నీళ్ళలో పెరిగింది. తలకి ఎక్కువ గుద్దులు తిన్నవాళ్ళలో ఎక్కువగా పెరిగింది. వాళ్ళలో ఎవరూ స్పృహ తప్పి పడిపోలేదు. మూడు నెలలు విశ్రాంతి ఇచ్చాక తగ్గింది.

మాస్టారు: చూసేవా! విశ్రాంతి ఇస్తే తగ్గిపోయింది.

మేనకోడలు: నా పట్టు కూడా అదే. విశ్రాంతి ఎవరిస్తారు? పోటీలు ఏడాదికి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. శిక్షణలో తోటివాళ్ళతో నిజంగా గుద్దుకునే స్పారింగ్ అలా కాదే. వారం వారం ఉంటుంది. ఆ దెబ్బలకి రిఫరీ లేడు, అంకెలు లెక్కపెట్టేవాడు లేడు, 30 రోజుల ఆంక్ష లేదు. పైగా నువ్వు చెప్పిన నిచ్చెనే వాడి నోరు నొక్కుతుంది. రాత్రి తలనొప్పిగా ఉంది, వెలుతురు చూడలేకపోతున్నాను అని వాడు కోచ్‌తో చెప్తాడా? చెప్తే సెలక్షన్ పోతుంది. సెలక్షన్ పోతే రైల్వే పోతుంది. వాడి మీద ఇల్లంతా ఆశ పెట్టుకుని ఉంటే వాడు తలనొప్పి మాట ఎత్తడు.

మాస్టారు: ...హెడ్‌గార్డు ఉంటాది కదా. చిన్నోళ్ళకి తప్పనిసరి.

మేనకోడలు: మన ఉద్దానం కురిడీకాయ తీసుకో. పైన తువ్వాలు ఎంత మందంగా చుట్టినా సరే, ఊపితే లోపల కురిడీ కొట్టుకుంటుందా లేదా? హెడ్‌గార్డు చేసేది అంతే. కనుబొమ చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. దవడకి పక్కనుంచి హుక్ తగిలి తల గిర్రున తిరిగితే లోపల మెదడు మెలి తిరగడం ఆపలేదు. మెదడు పోగులు తెగేది ఆ మెలికకే. అంతర్జాతీయ సమాఖ్యే 2013లో మగవాళ్ళకి హెడ్‌గార్డు తీసేసింది. అది లేకపోతేనే తలదెబ్బలు తగ్గుతాయని వాళ్ళ వాదన. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్ళు ఒట్టి తలలతో ఆడారు. వాళ్ళు చెప్పింది నిజమైనా కాకపోయినా, హెడ్‌గార్డు ఉంది కదా అని నిద్రపోవడానికి లేదు.

మాస్టారు: సరేగాని, మాట సంగతి చెప్పు. నువ్వు చూసేది అదే కదా. గుద్దు తలకి తగిలితే నాలికెందుకు మడతపడతాది?

మేనకోడలు: నాలికకి ఏమీ కాదు. దాన్ని ఆడించే చోటు పోతుంది. మెదడు అడుగున నల్లగా ఒక చిన్న పట్టీ ఉంటుంది, కదలికలకి కావలసిన డోపమైన్ తయారయ్యేది అక్కడే. వెనక చిన్నమెదడు ఉంటుంది, కదలికలకి తాళం వేసేది అది. 1973లో కార్సెలిస్ అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ చనిపోయిన 15 మంది బాక్సర్ల మెదళ్ళు కోసి చూశారు. ఆ నల్లపట్టీలో కణాలు పోయాయి, చిన్నమెదడులో మచ్చలు, మెదడు మధ్యలో ఉండే పల్చటి పొరకి చిరుగులు. ఇప్పుడు మాట సంగతి చూడు. నడవడానికి కాలు సెకనుకి ఒకటి రెండుసార్లు కదిలితే చాలు. మాట అలా కాదు. పెదవులు, నాలిక కొస, నాలిక వెనకభాగం, అంగిలి, గొంతు, ఊపిరి అన్నీ కలిసి సెకనుకి నాలుగైదు అక్షరాలు విడివిడిగా పలకాలి. శరీరంలో ఇంత సన్నటి పని ఇంకోటి లేదు. అందుకే మెదడులో కొంచెం తేడా వచ్చినా అది మాటలో ముందు దొరకొచ్చు. నా దగ్గరకొచ్చినవాళ్ళని నేను మొదట అడిగేది ప-త-క, ప-త-క అని ఆపకుండా వేగంగా అనమని. పకారానికి పెదవులు, తకారానికి నాలిక కొస, కకారానికి నాలిక వెనక. ఎక్కడ జారుతోందో చెవికే తెలుస్తుంది.

మాస్టారు: ప-త-క ప-త-క ప-త-క ప-త-క. సరిపోయిందా?

(సరిపోయింది. ఆయన మొహంలో గెలిచిన గర్వం కూడా కనిపించింది.)

మేనకోడలు: బావుంది. సినిమావాళ్ళకి కూడా నీతో చెప్పించాలి. "లైగర్"లో ఫైటర్‌కి నత్తి పెట్టారు, నవ్వులకీ కేకలకీ వాడుకున్నారు. బాక్సర్ల మాట నత్తి కాదు. నత్తివాడు ఒక అక్షరం దగ్గర ఆగిపోతాడు, మిగతాది స్పష్టంగానే పలుకుతాడు. వీళ్ళకి అన్నీ కొంచెం కొంచెం కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. గొంతు లోతుకు పోతుంది, ఎత్తుపల్లాలు పోయి ఒకే తీరుగా వస్తుంది. తరవాత మింగడం కష్టమవుతుంది. నెమ్మదిగా, గట్టిగా మాట్లాడే అభ్యాసం చేయిస్తే ఎదుటివాళ్ళకి అర్థమయ్యేలా చెయ్యగలను. పాత మాట తెచ్చి ఇవ్వలేను.

మాస్టారు: నువ్వెలాగూ మహమ్మద్ అలీ దగ్గరకొస్తావని తెలుసు. నానే వస్తాను. 1980 మొదట్లో అలీ మద్రాసొచ్చేడు, నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడేడు. ఆ జనం, ఆ కేకలు! ఆ నోటి చురుకు ఇంకెవరికుంది? అలీకి వచ్చింది పార్కిన్సన్స్ అమ్మా. అది బాక్సింగ్ ఆడనోళ్ళకీ వస్తాది. గుద్దుల వల్లేనని డాక్టర్లే ఒక్కమాట మీద లేరు.

మేనకోడలు: లేరు, ఒప్పుకుంటాను. గుద్దుల వల్లా, లేకపోతే ఎలాగైనా వచ్చేదా అన్నది ఒక్క మనిషి విషయంలో తేల్చి చెప్పడం కష్టం. కానీ నువ్వు చెప్పిన ఆ నోటి సంగతే చూద్దాం. అలీ మాట్లాడినంతగా ఏ ఆటగాడూ టీవీల్లో మాట్లాడలేదు, అదంతా భద్రంగా ఉంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇద్దరు, బెరిషా, లిస్, ఏళ్ళ వరసన ఆ ఇంటర్వ్యూలు తీసి అక్షరాల వేగం కొలిచారు. 2017లో ప్రచురించారు. ఆయన 26వ ఏటినుంచి 39వ ఏటికి మాటవేగం నూటికి 26 పాళ్ళు తగ్గింది. జబ్బని డాక్టర్లు పేరు పెట్టింది 1984లో. మాట అంతకు ముందునుంచే చెప్తూ వచ్చింది. నువ్వు మురిసిపోయిన ఆ మద్రాసు అలీ మాట అప్పటికే నెమ్మదించింది మావయ్యా. జనం చెవికి అందలేదు, అంతే.

మాస్టారు: ...

మేనకోడలు: మద్రాసొచ్చిన ఆ ఏడాదే అక్టోబరులో లారీ హోమ్స్‌తో పోటీ. అలీకి 38 ఏళ్ళు. లైసెన్సు ఇచ్చే ముందు మేయో క్లినిక్‌లో పరీక్ష చేయించారు. ఒంటికాలిమీద గెంతడంలో చురుకు తగ్గిందని, వేలితో ముక్కు ముట్టుకోవడంలో కొద్దిగా గురి తప్పిందని అక్కడ రాశారు. అయినా లైసెన్సు దొరికింది. పది రౌండ్లు దెబ్బలు తిన్నాక మూలలోంచి ఆయన ట్రైనర్ డండీ ఆపించాడు. మరుసటి ఏడాది మళ్ళీ బెర్బిక్‌తో ఆడించారు. రుజువు లేక కాదు, కాగితంమీద ఉన్నది చదివి ఆగమనే మనిషి లేక. అలీకే ఆ గతి పడితే నౌపడ గుంటడికి ఎవరు ఆగమంటారు?

మాస్టారు: ఆట తనని తాను దిద్దుకుంటాదమ్మా. 1982లో కొరియా కుర్రాడు డక్ కూ కిమ్ మాన్సీనితో ఆడి చచ్చిపోయేడు. తరవాత పదిహేను రౌండ్లు పన్నెండు చేసేరు.

మేనకోడలు: ఒక ప్రాణం పోయాక.

మాస్టారు: అయితే ఏటంటావు, మూసెయ్యమంటావా? నార్వేలో ప్రొఫెషనల్ బాక్సింగు ఆపేసేరు, స్వీడన్‌లో ఆపేసేరు, మళ్ళీ తెరిచేరు. ఒకమాట అడుగుతాను చెప్పు. ఉద్దానంలో ఏ బాక్సింగ్ ఆడి కిడ్నీలు పోతన్నాయి? కవిటిలో, వజ్రపుకొత్తూరులో, పలాసలో డయాలిసిస్‌కి వరసకట్టినోళ్ళు ఏ రింగులో దెబ్బలు తిన్నారు? బీదోడి ఒళ్ళు ఎలగైనా అరుగుతాది. అరిగినందుకు ఒకచోట ఉద్యోగం వస్తాది, ఒకచోట ఏమీ రాదు. వాడి తల్లి ఎంచుకునేది వీటి మధ్య. నీ 17కీ నా 83కీ మధ్య కాదు.

(దీనికి ఆమె వెంటనే జవాబు చెప్పలేకపోయింది. చెప్పడానికి తేలిగ్గా లేదు కూడా. ప్రమాదాన్ని శాతాల్లో లెక్కవేసేవాళ్ళం మనం. ఆ ఇంట్లో కూలి రోజువారీ వస్తుంది, రోజువారీ పోతుంది. ఇంతవరకూ జరిగిన వాదంలో మాస్టారి పక్షాన ఇదే బలమైన మాట.)

మేనకోడలు: మూసెయ్యమని ఎవరన్నారు? వెళ్ళనీ. కానీ ఎలా వెళ్తాడన్నది నా గొడవ. అమెరికాలో ఫుట్‌బాల్ సమాఖ్య 2015లో పదేళ్ళు, అంతకి లోపు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదంది. ఫుట్‌బాల్ ఆగిపోయిందా? బాక్సింగ్‌లో కాళ్ళు ఉన్నాయి, దూరం ఉంది, తప్పుకోవడం ఉంది. బస్తామీద, ప్యాడ్లమీద, తాడుమీద ఏళ్ళ తరబడి నేర్చుకునేంత విద్య ఉంది. 13 ఏళ్ళవాడికి తలమీద గుద్దులు తినడం నేర్పక్కర్లేదు. ఒంటికి తగిలే స్పారింగ్ చేయించండి, తలకి తగిలేది మూడేళ్ళు వాయిదా వెయ్యండి.

మాస్టారు: అలగ నేర్చినోడు మొదటి పోటీలోనే తలకి ఒకటి తగిలితే బెంబేలెత్తిపోతాడు. దెబ్బ తగిలితేనే కన్ను ఆర్పకుండా ఉండడం వస్తాది. ఇది పుస్తకంలో దొరకదు.

మేనకోడలు: ఒకటో రెండో తగలడానికీ వారం వారం తినడానికీ తేడా లేదా? నువ్వు సైన్యంలో ఎన్నాళ్ళు ఆడావు? కొన్నాళ్ళు. తరవాత డ్రిల్లు మాస్టారివి అయ్యావు. వీడు 13కి మొదలుపెట్టి ఉద్యోగం వచ్చాక కూడా డిపార్ట్‌మెంటు తరఫున ఆడతాడు, 30 దాకా. నీకూ వాడికీ లెక్క ఒకటి కాదు.

మాస్టారు: (కాసేపాగి) ఇంకేటి కావాలి నీకు?

మేనకోడలు: వాడు వెళ్ళే ముందు వాడి మాట నా ఫోనులో రికార్డు చేస్తాను. నిండా ఊపిరి తీసుకుని ఆపకుండా "ఆ" అనడం, ప-త-క వేగంగా అనడం, ఒక పేరా చదవడం, వాడి ఇష్టమొచ్చిన కబురు రెండు నిమిషాలు చెప్పడం. ఆర్నెల్లకోసారి అదే మళ్ళీ. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు. ఏ రోజు తేడా కనిపిస్తే ఆ రోజు స్పారింగ్ ఆపాలి. కోచ్‌తో మాట్లాడి ఈ ఒప్పందం చెయ్యగలిగేది నువ్వే.

మాస్టారు: రికార్డింగు చేసుకో. నాకేటి నష్టం? తలకి స్పారింగ్ మూడేళ్ళు వాయిదా అన్నది మాత్రం నాను ఒప్పుకోను, కోచ్‌కి చెప్పను. వాడి వయసు పిల్లలంతా ఆడతంటే వీడు పక్కన నిలబడతాడేటి?

వాదం అక్కడితో ఆగింది, తెగలేదు. ఇద్దరిలో ఎవరు సబబంటే, పిల్లవాణ్ణి పంపాలన్నంతవరకూ నాది మాస్టారి మాటే. ఆట వద్దనే హక్కు, బదులుగా ఇంకో దారి చూపించలేని మనకి లేదు. కానీ ఎదిగే తలకి వారం వారం దెబ్బలు అలవాటు చేయించడం మీద ఆయన చెప్పింది పాతకాలపు పట్టుదల మాత్రమే. పిల్లలంతా అలాగే ఆడుతున్నారన్నది సమాధానం కాదు. పిల్లలందరికీ ఆపడమే చెయ్యాల్సింది, అది రాష్ట్ర క్రీడాశాఖ చేతిలో ఉంది. పిల్లలు చేరేనాడే బరువుతో, ఎత్తుతో పాటు మాట కూడా రికార్డు చేసి దాచాలన్న నిబంధన పెట్టడానికి ఫోను ఉన్న ఏ కోచింగ్ సెంటరుకీ కష్టం లేదు.

ఆ నిబంధన వచ్చేలోగా తల్లిదండ్రులే ఆ పని చేసుకోవాలి. మీ పిల్లవాణ్ణో పిల్లనో బాక్సింగ్‌లో చేర్చే కాగితం మీ చేతికొస్తే, వేలిముద్ర వేసే ముందు కోచ్‌ని ఒక్కటి అడగండి: తలకి దెబ్బలు తగిలే స్పారింగ్ వారంలో ఎన్ని రోజులు, ఎన్ని రౌండ్లు? జవాబు అంకెల్లో రాకపోతే కాగితం వెనక్కి ఇచ్చెయ్యండి.